దేహభారము: యోగక్షేమములు

(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయ సమావేశమున గావించిన ప్రసంగము)



ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు కోరినప్పుడు మేము సంకోచించితిమి. మేము వైద్యులము కాము. బడిపిల్లలకు శబ్దములు, ధాతువులు వల్లెవేయించి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయులము. అయినను ఒక్క విషయమునందు మాకు కొంత అధికారము కలదు. దేహభారమును తగ్గించుకొని, తగ్గించుకొన్నదానిని పోగొట్టుకొని, మరల కొంత సంపాదించి నిలుపుకొన్నవారము. ఆ ముచ్చటయే చెప్పుదుము.

మనము లేఖ వ్రాయునపుడు 'మీ యోగక్షేమములు తెలియజేయగలరు' అని వ్రాయుట వాడుక. అవి రెండు పదములనియు, రెండింటికి వేర్వేరు అర్థములు కలవనియు వ్రాయువారిలో పెక్కురకు తట్టదు. లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని కాపాడుకొనుట క్షేమము. బరువు తగ్గుట యోగము. తగ్గిన బరువు తగ్గినట్లే యుండుట క్షేమము. మొదటిదానికి ఉపదేశకులు వీథికి నలుగురు కలరు. రెండవదానిని గూర్చి అడుగువారే అరుదు.

మా అరువదవయేట మా బరువు 86 కిలోలు. రక్తమున చక్కెర హెచ్చినదని వైద్యుడు చెప్పెను. పట్టుదలకు వచ్చి, రాత్రి భోజనము మాని, పగటి అన్నము సగము చేసి, తెల్లవారకమునుపే నడచి, ఏడు మాసములలో 17 కిలోలు తగ్గితిమి. చొక్కాలన్నియు దర్జీవాని యొద్దకు పోయినవి. ఆ సంవత్సరపు మహాసభలో మమ్ము వేదికమీదికి పిలిచి శాలువ కప్పిరి. మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చును.

ఆనాటి మధ్యాహ్నమే పంక్తిలో కూర్చుండగా, వరుసకు మాకు బావమరది యగు నొకాయన నేతిగిన్నెతో నిలిచి, "సన్మానము జరిగిన రోజు కూడ పథ్యమేనా బావగారూ! ఇంకొక్కటి వేసుకోండి" అని విస్తరిలో రెండు బొబ్బట్లు వేసెను. ఆ బొబ్బట్లపై నేరము మోపుట మా ఉద్దేశము కాదు. వానిని తినునపుడు మా మనస్సున మెదిలిన మాటయే నేరస్థురాలు. పరీక్ష ముగిసినది, ఇక పుస్తకములు అమ్ముకొనవచ్చును అని మేమనుకొంటిమి. జీవితకాలమంతయు పిల్లలు ఈ పని చేయుట చూచి కోపించినవారము, మేమే ఆ పని చేసితిమి.

వర్షకాలమున నడక మానితిమి. బరువు తూచు యంత్రము మంచము క్రిందికి పోయినది. కనబడినవారెల్ల "ఏమి మాస్టారూ, ఇంత చిక్కిపోయినారు, ఒంట్లో బాగున్నదా?" అని జాలిపడుచుండిరి. మన వారిలో బొద్దుగా నున్నవాడు సుఖముగా నున్నవాడు. సన్నబడినవానికి లోపల ఏదో రోగము కలదని నమ్మకము. ఆ జాలికి మేము లొంగితిమి. రెండు సంవత్సరములలో 14 కిలోలు తిరిగి వచ్చినవి.

శాలువ కప్పించుకొన్న సభకు ఆ దేహముతో వచ్చుటకు మాకు మొగము చెల్లలేదు. వరుసగా రెండు మహాసభలకు మోకాళ్ల నొప్పియని లేఖ వ్రాసి రాకుంటిమి. అందు రెండవ సభకు మా బాల్యమిత్రుడొకరు దూరప్రాంతమునుండి వచ్చి, మా కొరకు వసతి గృహమంతయు వెదకిరట. మరుసటి సంవత్సరమునకు ఆయన లేరు. మేమీ విషయమును ఇంత విస్తరించుటకు కారణమిదియే.

నాడు మేము మా మనోదౌర్బల్యమునే తిట్టుకొంటిమి. తరువాత చదివి తెలిసికొన్నది వేరు. 1994లో న్యూయార్కు నగరమునందలి రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో లెప్టిన్ అను హార్మోనును కనుగొనెను. ఇది దేహమందలి కొవ్వునుండి పుట్టి, నిలువ యెంత యున్నదో మెదడునకు కబురు చేయును. కొవ్వు తగ్గినచో కబురు సన్నగిల్లును. కరవు వచ్చినదని మెదడు తలంచి, ఆకలిని పెంచి, వ్యయమును కుదించును. మనము ఇష్టపూర్వకముగా తగ్గితిమని దానికి తెలియదు.

2011లో ఆస్ట్రేలియా దేశపు పరిశోధకులు 50 మందికి పది వారములు మిక్కిలి మితమైన ఆహారమిచ్చి బరువు తగ్గించి, ఏడాది గడచిన పిదప మరల పరీక్షించిరి. ఆకలిని పుట్టించు హార్మోనులు అప్పటికిని హెచ్చుగనే యుండెను. 2016లో వెలువడిన మరియొక పరిశోధన ఇంకను విస్మయకరము. అమెరికా టెలివిజనులో బరువు తగ్గుట యనునదొక పోటీగా నడచినది. అందు పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ ప్రభృతులు ఆరు సంవత్సరముల తరువాత పరిశీలించిరి. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవారు 41 కిలోలు తిరిగి పెరిగిరి. అంతేకాదు, విశ్రాంతిగా నున్నపుడు వారి దేహములు రోజునకు సుమారు 500 కెలోరీలు తక్కువ ఖర్చు చేయుచుండెను. అంత దేహమునకు సహజముగా కావలసినదానికన్న తక్కువయని అర్థము.

ఆ హాల్ పరిశోధక వర్గము వేసిన లెక్క యొకటి మాకు కంఠస్థము. బరువు తగ్గిన ప్రతి కిలోకును దేహపు ఖర్చు రోజునకు 20, 30 కెలోరీలు తగ్గును. ఆకలి మాత్రము సుమారు 100 కెలోరీలు పెరుగును. పది కిలోలు తగ్గినవానికి ఆకలి యెంత పెరుగునో మీరే గుణించుకొనుడు. ఇట్టివానిని చూచి "నాలుక కట్టుకొనలేకపోయెను" అని నవ్వుట ఎట్టి అన్యాయమో ఆలోచింపుడు. బరువు తిరిగి పెరిగినవాడు మనలో అందరికన్న సోమరి కాడు. అందరికన్న ఆకలిగొన్నవాడు.

మన పూర్వులు దీనిని గమనింపకపోలేదు. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము స్థూలకాయుని గూర్చి చెప్పుచు, అతని ఆహారము గురువుగను, అయినను అపతర్పణముగను ఉండవలెనని విధించినది. అనగా కడుపు నిండవలెను, ఒడలు పెరుగరాదు. ఆకలితో మాడ్చుట ఆ శాస్త్రమున లేదు. అదే స్థానమున 7వ అధ్యాయము చెడు అలవాటును పాదము చొప్పున విడిచి, మంచిదానిని పాదము చొప్పున చేపట్టుమనియు, క్రమముగా పోయిన దోషము మరల రాదనియు చెప్పుచున్నది.

ఇచ్చట మేము సత్యమును దాచరాదు. మెల్లగా తగ్గిన బరువు మెల్లగానైనను నిలుచునా యని 2014లో మెల్‌బోర్న్ వారు పరీక్షించిరి. 12 వారములలో వేగముగా తగ్గినవారును, 36 వారములలో నెమ్మదిగా తగ్గినవారును, సుమారు మూడేండ్లకు తగ్గినదానిలో నూటికి 71 పాళ్లు తిరిగి పొందిరి. రెండు పక్షములకును భేదము లేదు. చరకుని వాక్యము తప్పా? మాకు తోచునది, ఆ వాక్యము కిలోలను గూర్చినది కాదు, అలవాట్లను గూర్చినది. కిలోలు నెమ్మదిగా పోయినను, అలవాటు మారకున్నచో క్రమము ఎక్కడిది? పండితులు వేరుగా తలంపవచ్చును.

నిలుపుకొన్నవారు లేరా? కలరు. 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనువారు అమెరికాలో ఒక పట్టిక ప్రారంభించిరి. 30 పౌన్లు, అనగా 13 కిలోలకు పైగా తగ్గి, ఏడాదియైన నిలుపుకొన్నవారే అందు చేరుదురు. పదివేలకు మించి చేరిరి. వారిలో నూటికి 90 మంది ప్రతిదినము సగటున గంటసేపు నడకయో, మరియొక వ్యాయామమో చేయుదురు. ముప్పాతికమంది వారమునకొకసారియైన బరువు చూచుకొందురు. పెక్కుమంది ఉదయపు ఫలాహారము మానరు. సెలవుదినములనియు, పండుగలనియు భేదము లేక ఒకే తీరున భుజించువారికి బరువు నిలుచుట ఎక్కువ. ఉత్తీర్ణులను మాత్రమే పిలిచి ఎట్లు చదివితిరని అడిగినట్లు, ఇందు ఓడినవారి మాట వినబడదు. ఆ లోపము కలదు. అయినను ఒక్కటి ఆశాజనకము: రెండు మొదలు అయిదేండ్లు నిలుపుకొన్నవారికి ఆపై నిలుచుట బాగుగ సులభమగుచున్నది.

మా రెండవ ప్రయత్నమును గూర్చి కొంచెము చెప్పుదుము. ఈసారి 69 కిలోలను కోరలేదు. 83 నుండి 77కు దిగి, అక్కడనే నాలుగు సంవత్సరములుగా నున్నాము. మొదటిసారి మాకు వేరుగను, ఇంటివారికి వేరుగను వంట జరిగెడిది. మా గృహిణి రెండు పొయ్యిల నడుమ అలసిపోయెను. అతిథి వచ్చిననాడు మా వంటయే మానెడివారము. ఇప్పుడు ఇంటిల్లిపాదికి ఒక్కటే వంట. విస్తరిలో సగము కూర, ఆనపకాయయో బీరకాయయో గోరుచిక్కుడుకాయయో, తోటకూరపప్పు, తరువాత గిన్నెతో కొలిచిన అన్నము, పలుచని మజ్జిగ. వారమునకు రెండుమార్లు ఉలవచారు. కడుపు నిండును. చరకుడు చెప్పినది ఇదియే కాబోలునని మా గృహిణితో అంటిమి. "ఆయన వండి చూచినాడా?" అని ఆమె అడిగెను.

ప్రతి సోమవారము ఉదయము బరువు చూచి గోడనున్న పంచాంగపు కాగితముపై వ్రాయుదుము. 79 దాటినచో ఆ వారమే రాత్రి అన్నము మాని, నడక పావుగంట పెంచుదుము. పెండ్లిండ్ల మాసములలో రెండుసార్లు దాటినది, రెండుసార్లును దిగినది. అయిదు కిలోలు పెరిగిన పిమ్మట మేల్కొనుటకన్న రెండు కిలోలకు మేల్కొనుట ఎంత తేలికయో అనుభవించినవారికే తెలియును. నడక బరువును తగ్గించుటయందు అంతగా పనికిరాలేదు గాని, నిలుపుటయందు దానిని మించినది మాకు కనబడలేదు.

ఇప్పుడు సూదిమందులు వచ్చినవి. సెమాగ్లూటైడ్ మొదలగునవి ఆకలిని నిజముగా అణచును. బరువు తగ్గించుటకై 2025లో మన దేశపు మందుల అంగళ్లలోనికిని వచ్చినవి. అవి చెడ్డవని మేము చెప్పము. కాని 2022లో ప్రకటింపబడిన పరిశోధనలో, మందు ఆపిన ఏడాదికి తగ్గినదానిలో మూడింట రెండుపాళ్లు తిరిగి వచ్చినది. రక్తపుపోటు మాత్ర ఆపిన పోటు వచ్చినట్లే యిదియు. తీసికొనదలచినవారు ఎంతకాలము, ఎంత వ్యయము అను రెండు ప్రశ్నలను వైద్యునితో ముందే మాటలాడుకొనవలెను.

బరువు దిగలేదని నడక మానువారికి ఒక్క మాట. చెన్నపట్టణమున డాక్టరు రామచంద్రన్ గారి ఆధ్వర్యమున జరిగి 2006లో ప్రకటింపబడిన పరిశోధనలో, మధుమేహపు అంచున నున్నవారికి ఆహారము, వ్యాయామము మార్పించిరి. వారి బరువు చెప్పదగినంత తగ్గలేదు. అయినను మధుమేహము వచ్చుట నూటికి 28 పాళ్లు తగ్గెను. మన దేశీయులకు కొద్ది బరువునకే ఈ వ్యాధి వచ్చును గనుక, ఈ ఫలితము మనకు అమెరికా లెక్కలకన్న దగ్గరిది.

ఇక సంఘమునకు మా మనవులు. బరువు తగ్గినవారికి వేదికపై శాలువ కప్పుట మానుడు. కప్పవలెనన్న మూడవ సంవత్సరమున కప్పుడు. అంతవరకు ఒక కార్డు వ్రాసి యోగక్షేమములు అడుగుడు. పెరిగినవారు సభకు వచ్చినచో వారి దేహమును గూర్చి ఒక్క మాటయు పలుకక, ప్రక్కన చోటిచ్చి కూర్చుండబెట్టుడు. పంక్తిలో మారు వడ్డన అడిగినవారికే జరుగవలెను. చేయి అడ్డుపెట్టిన విస్తరిలో వడ్డించుట మర్యాద యను తలంపు మన పెద్దలనాటిది. అప్పుడు ఇంటికి బోయిన తిండి చాలదను భయము న్యాయమే. నేడు మన పంక్తులలో కూర్చుండువారిలో ఎందరు చక్కెర మాత్ర జేబులో వేసికొని వచ్చుచున్నారో వడ్డించు యువకులు అడిగి తెలిసికొనవచ్చును. మన విద్యార్థి వసతి గృహమున కూర రెండు గరిటెలు పెంచుటకు దాతలెవరైన ముందుకు వచ్చిన, ఆ వ్యయము కొలదిగనే యుండునని కోశాధికారిగారు మాతో చెప్పిరి.

రేపటి ఉదయము అయిదున్నర గంటలకు వసతి గృహపు వాకిటినుండి మేము నడకకు బయలుదేరుదుము. మోకాళ్ల నొప్పి కలవారు గూడ రావచ్చును. మా నడక వేగమైనది కాదు. బొబ్బట్లు వడ్డించిన మా బావమరదిగారు వచ్చెదమని మాట యిచ్చియున్నారు.