మోకాలి గుజ్జుకు కదలికే బలం



"గుజ్జు అరిగిపోయిందన్నారు, అందుకే నాన్నను మంచం దిగనివ్వడం లేదు" అని చాలామంది చెబుతుంటారు. ప్రేమతోనే అలా చేస్తారు. కాని దానివల్ల మోకాలికి మేలు కంటే కీడే ఎక్కువ.

మనం గుజ్జు అనేది కీలులో ఎముకల చివరలను కప్పే నున్నటి పొర. దీనిని మృదులాస్థి అంటారు. మందం కొన్ని మిల్లీమీటర్లే. అందులో 70 నుంచి 80 శాతం నీరే. దీనికి రక్తనాళాలు లేవు. తడి స్పంజిని నొక్కితే నీరు బయటికి వస్తుంది, వదిలితే మళ్లీ పీల్చుకుంటుంది. మనం అడుగు వేసి తీసినప్పుడు ఈ పొరలోనూ అలాగే జరుగుతుంది. కీలులోని ద్రవం నుంచి పోషకాలు లోపలికి చేరడానికి ఈ కదలిక తోడ్పడుతుంది. నెలల తరబడి కాలు కదపకపోతే పొర పలచబడుతుంది, తొడ కండరం కూడా నీరసిస్తుంది.

మితిమీరిన భారమూ చేటే. ఏళ్ల తరబడి పోర్టులో బరువులు మోసినవారికి, గొంతుకూర్చుని చేపలు కోసేవారికి మోకాళ్లు త్వరగా అరగవచ్చు. మెట్లు ఎక్కేటప్పుడు మోకాలిపై శరీర బరువుకు సుమారు 3 రెట్ల భారం పడుతుంది. స్థూలకాయులు ఒక కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలిపై దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది.

ఇంట్లో మీరు చేయవలసినవి:

1. రోజూ చదునైన నేలపై 10 నిమిషాలు నడిపించండి. బీచ్ రోడ్డుకు తీసుకువెళితే ఇసుకలో వద్దు, కాలిబాట మీదే నడిపించండి.

2. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, 5 లెక్కపెట్టేవరకు అదిమి ఉంచమనండి. ఇలా 10 సార్లు చేయించండి.

3. నేలపై కాక కుర్చీలో కూర్చోబెట్టండి. నొప్పిలేని కాలివైపు చేతికి కర్ర ఇవ్వండి.

4. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో రాస్ హిల్ మెట్లు ఎక్కించవద్దు. కింద నుంచి చేసిన ప్రార్థననూ దేవుడు వింటాడు.

5. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు కొనవద్దు. అవి కడుపుకు, మూత్రపిండాలకు హాని చేయవచ్చు.

నడిచాక నొప్పి కాస్త పెరిగి మర్నాటికి తగ్గితే భయపడకండి. తగ్గకపోతే నడక తగ్గించండి, మానిపించకండి. మోకాలు వాచి వేడెక్కి జ్వరం వచ్చినా, కిందపడ్డాక కాలు మోపలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఎముక విరిగినవారు, ఆపరేషన్ అయినవారు మాత్రం డాక్టరు చెప్పినట్లే నడవాలి.

మంచం పక్కన కూర్చుని సేవ చేస్తున్న మీరు, రేపటి నుంచి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేయించండి. ప్రభువు మిమ్మును దీవించును గాక.