పక్షవాతం తరువాత అభ్యాసమే ఔషధం



పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన నాడు బంధువులు గండం గడిచిందని ఊరట చెందుతారు. ప్రాణగండం గడిచిన మాట నిజమే. అయితే చచ్చుబడిన చేతిని తిరిగి పనికి తెచ్చుకునే కార్యం ఆనాడే మొదలవుతుంది. గుడియాత్తంలో మగ్గం ముందు కూర్చునే నేతకారునికి, అగ్గిపెట్టెల పనికి వెళ్లే స్త్రీకి చేయే జీవనాధారం. ఆ తరువాతి నెలలలో సాగే అభ్యాసంపై ఆ కుటుంబపు బ్రతుకుతెరువు ఎంతో ఆధారపడి ఉంటుంది.

మెదడులో నశించిన కణాలు తిరిగి రావు. కాని మిగిలిన భాగాలు పదే పదే చేసే అభ్యాసం వలన కోల్పోయిన పనులలో కొన్నింటిని మళ్లీ నేర్చుకోగలవు. పడుకొని తైలమర్దనం చేయించుకున్నంత మాత్రాన ఈ నేర్పు అలవడదు. రోగి తానే ప్రయత్నించాలి. లేచి నిలబడాలంటే కుర్చీలో నుండి లేవడాన్నే అభ్యసించాలి. గ్లాసు పట్టాలంటే గ్లాసునే పట్టి చూడాలి. మొదటి నెలలలో మెరుగుదల వేగంగా ఉంటుంది. తరువాత నెమ్మదించినా అభ్యాసం వ్యర్థం కాదు.

ఎప్పుడు, ఎంత అన్నది మాత్రం వైద్యులే నిర్ణయించాలి. 2,104 మంది రోగులపై జరిగి 2015లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధనలో, మొదటి 24 గంటలలోనే తరచుగా లేపి నడిపించిన వారికి ఫలితం తగ్గినట్లు తేలింది. భారతదేశంలోని 14 ఆసుపత్రులలో 1,250 మందిపై జరిగిన మరొక పరిశోధన 2017లో వెలువడింది. ఇంటివారికి శిక్షణ ఇచ్చి వ్యాయామం చేయించినా, ఆరు నెలలకు మామూలు చికిత్స కంటే అదనపు మేలు కనబడలేదు. ఇంటివారి సేవ వ్యర్థమని దీని అర్థం కాదు. వారు ఫిజియోథెరపిస్టుకు తోడు కావాలి గాని, బదులు కారాదు.

పునరావాస వైద్యానికి వేలూరులో ఘనమైన చరిత్ర ఉంది. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము క్రింది భాగం చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో నుండే శస్త్రచికిత్సలు చేశారు. అనంతరం క్రైస్తవ వైద్య కళాశాలలో పునరావాస విభాగాన్ని నడిపారు. 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం ఏర్పడింది.

గుడియాత్తం నుండి తరచుగా వేలూరికి రోగిని బస్సులో తీసుకురావడం అందరికీ సాధ్యం కాదు. అందువలననే అనేకులు నడుమనే మానివేస్తారు. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న ప్రారంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’, అనగా ‘ప్రజల వద్దకే వైద్యం’, పథకంలో ఇంటివద్ద ఫిజియోథెరపీ కూడా ఉంది. సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీనిని అడగవచ్చు. సూచనలు తమిళంలో చెప్పినప్పుడు అర్థం కాకుండా తల ఊపరాదు. వ్యాయామాన్ని వారి ఎదుటే ఒకసారి చేసి చూపి, సరియేనని అనిపించుకొని, తెలుగులో వ్రాసి గోడకు అంటించుకోవాలి.

బలహీనమైన చేతిని పట్టి లాగి రోగిని లేపరాదు, భుజం దెబ్బతింటుంది. గుండెనొప్పి, ఆయాసం, తలతిరుగుడు కలిగితే వ్యాయామం ఆపి వైద్యులకు తెలపాలి. రక్తపోటు మాత్రలు స్వయంగా మానరాదు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చేయి వాలిపోయినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. రక్తపు గడ్డను కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.

చేయి మళ్లీ అన్నం ముద్దను నోటికి అందించే రోజు ఒక్కసారిగా రాదు. ప్రతిదినం చేసే కొద్దిపాటి అభ్యాసంతోనే దగ్గరవుతుంది.