తాళం ఒకటే, ఇల్లు వేరు

కోతికి పడిన మందు మనిషికీ పడుతుందని డాక్టర్లు ఎలా నమ్ముతారు? ఈ అనుమానం చాలామందికి ఉంటుంది.

చాలా మందులు మన కణాల మీదుండే రిసెప్టర్లకు అతుక్కుని పనిచేస్తాయి. రిసెప్టర్ తాళమైతే మందు తాళంచెవి అన్నమాట. కోతి కణాలకూ మనిషి కణాలకూ మందు ఒకేలా అతుక్కుంటోందా అని ముందే పోల్చి చూస్తారు. అలా చూశాక కూడా దెబ్బతిన్న సంగతి మన లండన్లోనే జరిగింది.

2006 మార్చి 13న, హారో దగ్గరి నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో ఎనిమిదిమంది ఆరోగ్యవంతులైన యువకుల మీద టీజీఎన్ 1412 అనే మందును పరీక్షించారు. ఇద్దరికి ఉత్తుత్తి మందు, ఆరుగురికి అసలు మందు. మనిషికీ మనిషికీ మధ్య వ్యవధి సుమారు పది నిమిషాలే! దీపావళికి తారాజువ్వ వెలిగించినా మొదటిది ఎటుపోయిందో చూసి గాని రెండోది అంటించం కదా.

కోతులు తట్టుకున్న మోతాదులో 500వ వంతే ఇచ్చారు. అయినా గంటన్నరలోపే తలనొప్పి, వాంతులు, జ్వరం మొదలై బీపీ పడిపోయింది. ఆరుగురూ ఇంటెన్సివ్ కేర్‌లో చేరారు. అందరూ బతికారు గాని, ఒకతను కాలివేళ్ళు, కొన్ని చేతివేళ్ళ చివరలు పోగొట్టుకున్నాడు.

మందులో కల్తీ లేదు. అది అతుక్కునే సీడీ28 రిసెప్టర్, కణం బయట ఉండే భాగంలో, ఆ జాతి కోతిలోనూ మనిషిలోనూ అచ్చంగా ఒకటే. పోలిక తప్పు కాదు, చాలలేదు. అసలు తేడా 2010లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు తేల్చారు. పాత జబ్బుల్ని గుర్తుంచుకునే ఒకరకం టీ కణాల మీద మనిషిలో ఈ తాళం ఉంటుంది, ఆ కోతుల్లో ఉండదు. కోతిలో మందు ఎంత అతుక్కున్నా, తుఫాను లేపే కణాలకు కబురే అందలేదు. మనిషిలో అవన్నీ ఒక్కసారిగా లేచాయి.

500వ వంతు అంటే చాలా తక్కువనిపిస్తుంది. తర్వాత లెక్కవేస్తే, ఆ కాస్త మందే సుమారు 90 శాతం రిసెప్టర్లను నింపేస్తుందని తేలింది! అందుకే 2007లో యూరప్ మార్గదర్శకాలు మారాయి. ఇలాంటి మందులకు, జంతువు తట్టుకున్న మోతాదొక్కటే చూడకుండా, మనిషి కణాల్లో ఏ కొంచెం కదలిక తెచ్చే మోతాదు ఎంతో కూడా చూసి మొదలుపెట్టమన్నారు.

ఆ యువకులకు ఇస్తామన్నది సుమారు 2000 పౌండ్లు. చదువుకునే మన పిల్లలెవరైనా ఇలాంటి పరీక్షకు సంతకం పెడుతుంటే రెండు ప్రశ్నలు అడగమనండి. మనిషి కణాల మీద ఏం చూశారు? మొదటివాడి తర్వాత రెండోవాడికి ఎంతసేపు ఆగుతారు? జవాబులు కాగితం మీద రాయించుకోమనండి. ఉంటాను మరి.