పూచీ పడే పిల్లలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం – మన మూడు ఊళ్లకూ సముద్రం చాలా దూరం. అయినా ఇంటరు ముగించిన పిల్లలున్న ఇళ్లలో నౌకాదళం మాట వినబడుతోంది. 2022లో అగ్నిపథ్ పథకంతో మన నౌకాదళం ఆడపిల్లలను కూడా నావికులుగా చేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒడిశాలోని ఐ.ఎన్.ఎస్. చిల్కాలో తొలి జట్టు 2023 మార్చి 28న శిక్షణ ముగించింది. సుమారు 2,600 మందిలో 273 మంది ఆడపిల్లలే!

"అంతమందిలో మా పిల్ల నెగ్గుకొస్తుందా?" అని తల్లికి దిగులు. నెగ్గుకురావడమంటే ఏమిటో తెలియడానికి అమెరికా సంగతొకటి చెబుతాను. చికాగో దగ్గర గ్రేట్ లేక్స్ అనే చోట ఆ దేశపు నౌకాదళానికి శిక్షణ కేంద్రముంది. కొత్తవాళ్లు సుమారు ఎనభై మందిని ఒక డివిజనుగా కూరుస్తారు. శిక్షకులు వారిలోనే కొందరికి పదవులిస్తారు. ఒకరు డివిజనంతటికీ పెద్ద. ఒకరు రాతకోతలు చూస్తారు. ఇంకొకరు ఉతుకు బట్టల లెక్క, మరొకరు ఉత్తరాల పంపకం. వీరంతా మిగతావారితోపాటు నిన్నమొన్న చేరినవారే. సరిగా చేయకపోతే పదవి ఊడి మరొకరికి పోతుంది.

ఇందులో కిటుకు గమనించారా? తోటివారి మీద పెద్దరికమైతే ఉంది గాని, శిక్షకుడికున్న అధికారం లేదు. గద్దిస్తే ఎవరూ లెక్కచేయరు. తాను ముందు లేవాలి, తన పక్క ముందు సర్దుకోవాలి, వెనకబడినవాడికి ఓపికగా నేర్పాలి. పదిమంది తప్పుకూ తాను జవాబు చెప్పాలి. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలిగా మెలగినవారికి ఇదేమంత కొత్త కాదు!

మనమేమో ఆడపిల్లకు పని చెబుతాం గాని, పూచీ ఇవ్వం. కూర తరగమంటాం, నెల సరుకుల లెక్క మాత్రం చేతికివ్వం. మగపిల్లాడికైతే తన చొక్కా ఉతుక్కోవడం కూడా నేర్పం. ఈ నెల పాల లెక్క అమ్మాయికి వదిలిపెట్టండి. ఇంటిల్లిపాది బట్టల పని అబ్బాయికి అప్పజెప్పండి. పొరపాటు జరిగితే వెంటనే లాక్కోకండి, దిద్దుకోనివ్వండి.

ఇంకొక మాట. అగ్నివీరుల కొలువు నాలుగేళ్లే. ఆ తర్వాత నూటికి ఇరవై అయిదు మంది వరకే ఉంచుకుంటామని పథకం ప్రకటించినప్పుడే చెప్పారు. మిగతావారు ఇంటికి రావలసిందే. యూనిఫారం విప్పినా, నలుగురిని కలుపుకొని పని నడిపించే నేర్పు వారితోనే ఉంటుంది. దానికి మొదటి పాఠం మన వంటింట్లోనే చెప్పవచ్చు.