బాతుల వెనక నడిచేవాళ్ళు

భ్రమణకాంక్ష అనగానే తెలుగు సభల్లో ముందుగా వినిపించే పేరు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఆ యాత్ర మీద రాసిన పుస్తకం 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకీ దారీ, సత్రమూ, ఊరూ వదలకుండా రాశాడు, మహానుభావుడు. ఆయన పల్లకీ మోసిన బోయీలూ తిరిగారు. వాళ్ళు చూసిన దేశం మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

ఏలూరు వైపు ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కృష్ణ కాలువా గోదావరి కాలువా కలిసే ఊరది. విజ్జేశ్వరంలో బయల్దేరిన గోదావరి నీళ్ళు తాడేపల్లిగూడెం మీదుగా అక్కడికి చేరతాయి. రైలు రాకముందు మనుషులూ ధాన్యపు బస్తాలూ ఆ కాలువ మీదే సాగేవి. గాలి పడిపోతే తాడు భుజానేసుకుని గట్టు వెంట పడవని లాగేవారు. పడవలో కునుకు తీసినాయన యాత్రికుడు, లాగినవాడు కూలీ!

పక్షుల విషయంలోనూ ఇదే తేడా. కొల్లేటి సరస్సు దగ్గర గూడబాతులు, అదే పెలికాన్లు, వేల సంఖ్యలో గూళ్ళు కట్టే చోటుని 1946లో కె.కె. నీలకంఠన్ కనుగొన్నాడని పక్షిశాస్త్రం చెబుతుంది. ఆ కేరళ మాస్టారి ఓపికకి దణ్ణం పెట్టాల్సిందే. కాకపోతే ఆ చెట్ల కింద కాపరమున్న ఊరివాళ్ళకి అదేమంత కొత్త కబురు? 1975 ప్రాంతానికి ఆ గూళ్ళు మాయమయ్యాయి. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖవాళ్ళు వేసిన ఇనుప స్టాండ్ల మీద పెలికాన్లు గూళ్ళు కడుతున్నాయి.

ఇక అసలు సంచారులు బాతుల కాపరులు. సార్వా కోతలయ్యాక మందని చేలల్లోకి దించుతారు. రాలిన గింజలూ నత్తలూ పురుగులూ బాతులకి మేత. ముందొకడు, వెనకొకడు, చేతిలో పొడుగాటి కర్ర. పొద్దుగూకాక వల దడి కట్టి లోపలికి తోలతారు. తెల్లారేసరికి గడ్డిలో గుడ్లుంటాయి. అవి ఏరి లెక్కపెట్టాకే టీ. ఆ చేను ఖాళీ అయితే ఇంకో ఊరు, దూరమైతే లారీ. వరి చేలు చేపల చెరువులైన చోట బాతులకి మేత లేదు, అందుకని దారి ఇంకా సాగుతుంది. ఏ ఊళ్ళో కోతలెప్పుడో, ఏ రైతు దిగనిస్తాడో, ఏ కాలువలో నీళ్ళున్నాయో వాళ్ళకి నోటిలెక్క. వీరాస్వామయ్య రాసుకున్నదీ ఇలాంటి సంగతులే కదా!

ఈ సంక్రాంతికి ఏలూరు, తాడేపల్లిగూడెం వెళ్ళేవాళ్ళు మనలో ఉన్నారు. రోడ్డుకి అడ్డంగా మంద వస్తే కారు ఎలాగూ ఆపాల్సిందే. హారన్ కొట్టకుండా దిగి, కిందటి దాళ్వాకి ఏ ఊళ్ళు తిరిగారో అడిగి, ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేసి పంపితే, వచ్చే సమావేశంలో ఒక గంట దానికే ఇద్దాం.