డ్రాగ్ కారు చక్రంలో నట్లు

అమీర్‌పేట మెట్రో దిగి పంజాగుట్ట వైపు నడిచేటప్పుడు, రోడ్డు పక్కన ఆగిన కార్ల చక్రాలను ఓసారి పరికించి చూడండి. చాలావాటికి నట్టు కొన మూసి ఉంటుంది, లేదా ప్లాస్టిక్ మూత కింద దాగి ఉంటుంది. పావు మైలును సెకన్లలో దాటేసే డ్రాగ్ రేసు కార్లలో ఎక్కువగా అలా ఉండదు. చక్రాన్ని బిగించే పొడవాటి మరమేకు, అంటే స్టడ్డు, నట్టులోంచి బయటికి పొడుచుకొస్తుంది. మర పూర్తిగా పట్టిందని తనిఖీ చేసేవారి కంటికి కనబడాలి కదా!

అలాంటి కారుకు చిన్న నమూనా చేసేటప్పుడు ఈ ఒక్కటి కుదిరితే చక్రానికి ప్రాణం వచ్చేస్తుంది. 25వ వంతు నమూనాలో అరంగుళం మందం స్టడ్డు దాదాపు అర మిల్లీమీటరు. కిట్‌లో అచ్చుగా వచ్చిన బుడిపెను బ్లేడుతో చెక్కేయండి. ముప్పావు మిల్లీమీటరు ఆరుపలకల ప్లాస్టిక్ కడ్డీ నుంచి బిళ్ల కోసి అక్కడ అంటించండి. అంత చిన్నదాన్ని తొలవడం కష్టం, అవసరమూ లేదు. నెత్తిన రాగితీగ ముక్క నిలబెడితే చాలు.

అసలు డ్రాగ్ కార్ల వెనక టైర్లలో గాలి తక్కువ పెడతారు. కారు ఒక్కసారిగా దూకినప్పుడు రిమ్ము మీద టైరు జారకుండా కొందరు చుట్టూ స్క్రూలు బిగిస్తారు. నమూనాలో వాటికోసం రిమ్ము అంచున సూదిమొనతో చుక్కలు పొడిచి, మసక ఉక్కు రంగు అద్దండి.