అస్ర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ మన పిల్లలు

(నల్లగొండలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాలో ఎక్కువమంది ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా పనిచేసి విశ్రాంతి పొందినవారమే. అందుచేత ఏ విషయాన్నయినా లెక్కతో మొదలుపెట్టడం మాకు అలవాటైపోయింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం ఒకటి నుండి అయిదవ తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. ఏడాదిలో మొత్తం గంటలు 8,760. అంటే బడి తన పనిని లోపం లేకుండా చేసినా, బిడ్డ జీవితంలో పదో వంతు కాలం కూడా దాని చేతిలో లేదు. నిద్రకు మూడో వంతు తీసివేయండి. మిగిలినదంతా మన చేతిలోనిదే. మీడియం గురించి, ఫీజుల గురించి, ఉపకార వేతనాల గురించి, నాలుగు శాతం రిజర్వేషన్ గురించి మనం ఎన్నో సభలు జరుపుకున్నాం. ఈ మిగిలిన గంటల కోసం ఒక సభ జరుపుకోవడం మాకు తెలిసినంతలో ఇదే మొదటిసారి.

బడి వదిలాక కలిగినవారి పిల్లలు కరాటేకో, చిత్రలేఖనానికో, ఈతకో వెళుతున్నారు. మన మహల్లాల్లో పిల్లలు ఎక్కడికి వెళుతున్నారు? మగపిల్లవాడైతే నాన్న పండ్ల బండి దగ్గరికి, మామ మెకానిక్ షెడ్డుకు. ఆడపిల్లయితే తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి. ఏ పనీ లేని బిడ్డ చేతిలో సెల్‌ఫోను. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. మా ఇళ్ళలోనూ ఇదే జరిగింది. మా పిల్లలు పెద్దవాళ్ళయ్యాక గానీ మాకు ఈ సంగతి తట్టలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడానికి లేదు. 1956లో నెహ్రూగారి చొరవతో ఢిల్లీలో బాలభవన్ ఏర్పడింది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. మన నల్లగొండలోనూ బాలభవన్ ఉంది. మా మహల్లాలో ఒక సాయంత్రం, అందులో ఎప్పుడైనా అడుగుపెట్టిన బిడ్డలు చేతులెత్తండి అని అడిగితే లేచినవి రెండే చేతులు. ఎవరూ గేటు దగ్గర ఆపలేదు. కానీ అది నడిచే వేళ మన పిల్లలు మక్తబ్‌లో నాజిరా చదివే వేళ. పైగా తీసుకువెళ్ళి తీసుకువచ్చే మనిషి ఇంట్లో ఉండడు. తలుపు తెరిచే ఉంది గదా అని ప్రభుత్వం అనుకుంటుంది, మనవాళ్ళు రావడం లేదని అధికారి రాసుకుంటాడు. దస్త్రం అక్కడితో మూతబడుతుంది. అలాంటి దస్త్రాలను మూసిన చేతులు మావి కూడా, కాబట్టి మాకు తెలుసు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మక్తబ్ మన పిల్లల చదువుకు అడ్డం అనే మాట బయట వినబడుతూ ఉంటుంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఆ అపోహను అంకెలతోనే తీర్చింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదివేవారు మూడు, నాలుగు శాతమే. అదే నివేదిక, ఆరు నుండి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడలేదని, లేదా మధ్యలోనే మానేశారని చెప్పింది. మనం భయపడవలసిన అంకె ఇది. మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో మొదలై తరువాత 204కు పెరిగాయి, సంతోషమే. కానీ అవి అయిదవ తరగతి నుండి మొదలవుతాయి. చదువు మీద ఇష్టమో వెగటో పుట్టేది అంతకు ముందే. ఒకటి నుండి నాలుగు దాకా బిడ్డ బాధ్యత మనదీ, మన వీధి చివర ఉన్న ప్రాథమిక పాఠశాలదీ.

ఆట, షికారు, పిట్టలు, చెట్లు అంటే మన పెద్దల్లో కొందరు ముఖం చిట్లిస్తారు. వారికి హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ సంగతి గుర్తుచేస్తాం. ఆ చిన్నవాడు ఒక పిట్టను పెంచుకున్నాడు, అది చనిపోయింది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వెళ్ళినప్పుడు దిగులుగా ఉన్న బిడ్డను ఆ పిట్ట గురించే ఆప్యాయంగా పలకరించారు. అంతటి మహనీయునికి ఒక చంటివాడి పిట్ట గురించి అడిగే తీరిక ఉంది, మనకు లేదు.

ఇంకొక పిల్లవాడి సంగతి వినండి. తల్లిదండ్రులను పసితనంలోనే పోగొట్టుకుని మేనమామ ఇంట పెరుగుతున్నాడు. ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిచ్చుక అని అడిగాడు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ కసురుకోలేదు, తనకు తెలియదని ఒప్పుకుని, తెలిసినవారి దగ్గరకు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ దొర సొరుగులు తెరిచి, భద్రపరిచిన పిట్టలన్నీ చూపించాడు. ఆ పిల్లవాడే సాలిం అలీ. 1931-32లో నిజాం రాజ్యపు పక్షులను సర్వే చేయడానికి వచ్చి, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని మన్ననూరు, ఫరహాబాద్ అడవుల్లో మకాం వేసింది ఆయనే. ఆ మేనమామ 'నోరు మూసుకుని చదువుకో' అని ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ సాహెబ్ కూడా ఈ దారినే చెప్పారు. 1937లో వార్ధా విద్యా ప్రణాళిక రాసిన సంఘానికి ఆయనే అధ్యక్షులు. చేతులతో పనిచేస్తూ చదువు నేర్వాలన్నది దాని సారం. అంత పెద్దమనిషి పిల్లల కోసం 'అబ్బూఖాన్ కీ బక్రీ' అనే కథ రాయడానికి చిన్నతనం అనుకోలేదు.

ఇక మేము చేసిన ప్రయత్నం సంగతి. నాలుగేళ్ళ క్రితం మొదలుపెట్టాం. మొదటి ఏడాది ఘోరంగా విఫలమయ్యాం. తల్లిదండ్రులు హోంవర్కు చేయించమన్నారు, మేము సరేనన్నాం. పలకలు, ఎక్కాలు, డిక్టేషన్. ఆరు గంటలు బడిలో కూర్చున్న బిడ్డను మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టాం. నలభైమంది వచ్చిన చోట మూడో నెలకు తొమ్మిదిమంది మిగిలారు. ఆ తొమ్మిదిమందీ కూడా బిస్కట్ల కోసం వచ్చారని మాలో ఒకరు అన్నప్పుడు నవ్వుకున్నాం గానీ, లోపల సిగ్గుపడ్డాం.

రెండో ఏడు మౌల్వీ సాహెబ్‌తో కూర్చుని మాట్లాడాం. మక్తబ్‌ను మగ్రిబ్ తరువాతికి మార్చడానికి ఆయన ఒప్పుకున్నారు. అస్ర్ జమాత్ నుండి మగ్రిబ్ అజాన్ దాకా సమయం పిల్లలది. చలికాలంలో గంట కూడా చిక్కదు, వేసవిలో గంటన్నర దాకా దొరుకుతుంది. వారానికి నాలుగు రోజులు. కబడ్డీ, తొక్కుడు బిళ్ళ, మట్టితో బొమ్మలు, కథ చెప్పడం. ఆదివారం ఉదయం మాత్రం ఊరి బయటికి.

బయటికి వెళ్ళాక తెలిసింది మనం ఎంత సంపద పక్కన పెట్టుకుని పేదవాళ్ళలా బతుకుతున్నామో. లతీఫ్ సాహెబ్ గుట్టను ఉర్సు నాడు తప్ప మన పిల్లలు ఎక్కరు. పైకెక్కి ఊరిని చూసి, దాని పటం గీయమన్నాం. ఎవరి ఇల్లు ఎక్కడ, బడి ఎక్కడ, నీళ్ళ ట్యాంకు ఎక్కడ. నీళ్ళ మాట రాగానే ఫ్లోరైడు మాట వచ్చింది. మన జిల్లా పేరుతోనే ప్రపంచంలో ఒక శాస్త్రీయ పద్ధతి ఉందని, దానిని నల్లగొండ టెక్నిక్ అంటారని, పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గిస్తారని, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ దానిని రూపొందించిందని చెప్పినప్పుడు ఒక పాప, 'మన ఊరి పేరు రోగానికే ఉందనుకున్నా' అంది. మర్రిగూడ వైపు నుండి వచ్చిన కుటుంబం వారిది. వాళ్ళ తాత నడుము వంగి ఉంటాడు.

పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. అది చూపిస్తామంటే కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. వారి మనసు నొప్పించకుండానే మా మాట చెప్పాం. అది మన నేల మీద మనుషులు కట్టిన రాతి పని, నీడల లెక్క, వెయ్యేళ్ళనాటి తెలివి. చూడడం వేరు, ఆరాధించడం వేరు. సగంమంది ఒప్పుకున్నారు, సగంమంది పిల్లలను పంపలేదు. పంపనివారిని మేము తప్పుపట్టలేదు. వెళ్ళి వచ్చిన పిల్లలు మాత్రం వారం రోజులు గోడల మీద టార్చిలైటు వేసి, పెన్సిళ్ళు నిలబెట్టి నీడలు లెక్కపెట్టారు.

ఉదయ సముద్రం కట్ట మీద జరిగిన సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేం. నాలుగవ తరగతి చదివే ఒక బాబు ఉండేవాడు. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు. తరగతిలో నోరు విప్పడు కనుక వెనక బెంచీలో కూర్చోబెట్టారు. మందబుద్ధి అని మాతోనే ఒకరు అన్నారు. ఆ ఉదయం కట్ట మీద వాడు పిట్ట తరువాత పిట్టను చూపిస్తూ బగులా, బయా, నీల్‌కంఠ్ అని పేర్లు చెప్పుకుంటూ పోయాడు. పక్కనున్న తెలుగు పిల్లలు కొంగ, గిజిగాడు, పాలపిట్ట అని అందుకున్నారు. ఒక గంటలో వాడు పన్నెండు తెలుగు మాటలు నేర్చుకున్నాడు, పన్నెండు నేర్పాడు. సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని, కార్యకలాపాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్పాలని, బిడ్డకు భయం లేకుండా చేయాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షను చెబుతోంది. ఆ సెక్షను అర్థమేమిటో మాకు కట్ట మీద తెలిసింది.

ఈ కథ ఇక్కడ ఆపితే మీరు చప్పట్లు కొడతారు. కానీ ఆ బాబు ఇప్పుడు ఒక పంక్చరు దుకాణంలో ఉన్నాడు. తండ్రికి ప్రమాదం జరిగింది, ఇల్లు మారారు, మేము రెండు నెలలు ఆలస్యంగా తెలుసుకున్నాం. హాజరు పట్టీ రాశాం గానీ, రాని బిడ్డ ఇంటికి వెళ్ళలేదు. ఇప్పుడు వరుసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు ఎవరో ఒకరు ఆ గడప తొక్కాలని నియమం పెట్టుకున్నాం. వాడి యజమానితో మాట్లాడుతున్నాం. తిరిగి బడికి వస్తాడో లేదో చెప్పలేం.

ఆడపిల్లల విషయంలో మరొక దెబ్బ తిన్నాం. నాలుగు, అయిదు తరగతుల అమ్మాయిలు ఒకరి తరువాత ఒకరు మానేశారు. నిర్వాహకులమంతా ముసలి మగవాళ్ళమే. తప్పు మాది. ఒక తల్లి వచ్చి, 'భాయ్‌సాబ్, మీరు కుర్చీలు పట్టుకుని కూర్చుంటే మా పిల్లలు ఎలా గెంతుతారు?' అని ముఖం మీదే అడిగింది. ఇప్పుడు ఇద్దరు తల్లులు, డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఆ పని చూస్తున్నారు. ఖాళీ స్థలానికి ఒక వైపు పరదా కట్టుకున్నారు. మేము కుర్చీలు ఇవతలికి తెచ్చుకున్నాం.

స్థలం మాటకు వస్తే, దగ్గరలోని ఒక పాఠశాల మైదానాన్ని సాయంత్రం వేళ వాడుకోనివ్వమని కోరాం. లోపల ఏం బోధిస్తారో మాకేం తెలుసు అన్న జవాబు వచ్చింది. ఆ మాటలోని అనుమానం మీకందరికీ పరిచితమే, వివరించనక్కరలేదు. మేము గొడవ పడలేదు. చట్టం తీశాం. ప్రతి పాఠశాలకూ ఆటస్థలం, గ్రంథాలయం, ఆట వస్తువులు ఉండాలన్నది అనుబంధంలోని షరతు. 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగంమంది స్త్రీలు. మన తల్లులు ఆ సమావేశాలకు వెళ్ళడం మొదలుపెట్టారు. మైదానం వాడకంపై కమిటీలోనే తీర్మానం పెట్టించారు. మూడో సమావేశంలో నెగ్గింది. ఇప్పుడు ఆ బడి పిల్లలు, మన పిల్లలు అని వేరు లేకుండా అందరూ ఆడుతున్నారు. పిల్లలకు విశ్రాంతి, ఆట హక్కులని ఐక్యరాజ్యసమితి 1989 ఒడంబడిక 31వ అధికరణం అంటుంది. భారత్ 1992లో దానిని అంగీకరించింది. దరఖాస్తులో ఈ ముక్క రాయండి. దయచూడండి అని రాయకండి.

మహబూబ్‌నగర్ మిత్రులు మా దగ్గర ఉదయ సముద్రం లేదే అని అడిగారు. మీ దగ్గర పిల్లలమర్రి ఉంది! ఆ చెట్టు నీడలోనే దర్గా ఉంది. 2017 చివర కొమ్మ విరిగాక చెట్టు కిందికి జనాన్ని వెళ్ళనివ్వలేదు. 2018లో చెదలు చంపడానికి కొమ్మలకు సెలైన్ సీసాల్లాగా మందు ఎక్కించారు. వందల ఏళ్ళ ముసలి చెట్టుకు ఆసుపత్రి వైద్యం! పిల్లలకు చెప్పి చూడండి, ఎన్ని ప్రశ్నలు వేస్తారో. ఊడ ఎలా నేలకు దిగుతుంది, చెద ఏం తింటుంది, కొమ్మకు ఊతం ఎందుకు పెట్టారు. పక్కనే మ్యూజియం ఉంది.

ఖర్చు గురించి చివరగా. మాకు చందా పుస్తకం లేదు. రెండు బంతులు, తాడు, రంగు పెన్సిళ్ళు, మందుల పెట్టె, ఒక రిజిష్టరు. ఇంతకు మించి కొనలేదు. కావలసినది మనుషులు.

వచ్చే ఆదివారం ఫజర్ తరువాత ఉదయ సముద్రం కట్టకు వెళుతున్నాం. ఇరవై అయిదుమంది పిల్లలకు మించి తీసుకువెళ్ళం, నీళ్ళ దగ్గర పని కనుక ప్రతి అయిదుగురికి ఒక పెద్దవారు ఉండాలి. ముగ్గురు దొరికారు, ఇంకా ఇద్దరు కావాలి. వారిలో ఒకరైనా తల్లి అయితే మేలు. టోపీ, నీళ్ళ సీసా, రెండు రొట్టెలు చాలు. పేరు ఇవ్వదలచినవారు బయటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర కూర్చున్న ఆపాకు చెప్పండి, రిజిష్టరు ఆమె దగ్గర ఉంది.